కంపైలర్ నోరు నొక్కాను, తూకం చీటీలు ఆగిపోయాయి

కాటాబాబు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీలో లారీ కాటా ప్రోగ్రాము చూసేది నేనే. సీ భాషలో రాసినది, పన్నెండేళ్ళ నాటిది. డేటాబేస్‌తో మాట్లాడటానికి మైఎస్‌క్యూఎల్ క్లయింట్ మీద కట్టిన ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని వాడుతుంది. ఆ లైబ్రరీ పేరు ఇక్కడ రాయను. ఉచితంగా రాసిపెట్టిన మనిషిని నలుగురిలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

పాత యంత్రంలో సెంటాస్ 7 అనే లినక్స్, జీసీసీ 4.8.5 అనే కంపైలర్ (రాసిన కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చేది) ఉండేవి. ఆ సెంటాస్‌కు 2024 జూన్ 30తోనే కాలం చెల్లింది. కొత్త యంత్రంలో డెబియన్ 13 వేశాను. నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఉంది.

ముందు ల్యాప్‌టాప్‌లో లైబ్రరీని కంపైల్ చేస్తే 'మై_బూల్' (అవును, కాదు అని గుర్తుపెట్టుకునేది) అనే రకమే తెలియదంది. మై_బూల్ కనిపించిన చోటల్లా 'ఇంట్' (పూర్ణసంఖ్య) అని మార్చేశాను. హెచ్చరికలు బోలెడు వచ్చాయి గానీ కంపైల్ అయింది, పని కూడా చేసింది. అదే కోడ్‌ను కాటా యంత్రం మీదికి తీసుకువెళ్తే, నిన్నటి హెచ్చరికలన్నీ తప్పులై కూర్చున్నాయి. ముప్పైకి పైనే. సగం 'పాయింటర్ (జ్ఞాపకంలో ఒక చోటి చిరునామా) రకాలు పొసగలేదు' అనేవి, మిగతావి 'ఈ ఫంక్షన్‌ను ఎక్కడా ప్రకటించలేదు' అనేవి.

రెండింటిలోనూ వేసిన ప్యాకేజీ పేరు ఒకటే, డీఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్. ఒక చోట సరేనన్నది ఇంకొక చోట ఎందుకు కాదంటోంది?

త్వరగా_తేల్చు · సోమవారం, రాత్రి 9:52

-ఎఫ్‌పర్మిసివ్ పెట్టి కంపైల్ చేయండి. ఇంతకు ముందు సీ ప్లస్ ప్లస్‌కే ఉండేది, జీసీసీ 14 నుంచి సీకి కూడా పని చేస్తుంది. తప్పులన్నీ మళ్ళీ హెచ్చరికలైపోతాయి. అయిదు నిమిషాల పని.

పాతకాపు · సోమవారం, రాత్రి 10:30

అయిదు నిమిషాల పనే, కాదనను. తరువాత అయిదు రాత్రులు కూర్చోవలసి వస్తుంది.

కాటాబాబు గారూ, మీకు ఒకేసారి రెండు వేరు వేరు గొడవలు తగులుకున్నాయి. వాటిని విడదీద్దాం.

మొదటిది కంపైలర్ గొడవ. ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే అది ఇంట్ తిరిగి ఇస్తుందని ఊహించుకునే పద్ధతిని సీ ప్రమాణం 1999లోనే తీసేసింది. కానీ జీసీసీ చాలా ఏళ్ళు చూసీ చూడనట్టు పోయింది. మీ 4.8.5 మనం ఏ ప్రమాణమూ చెప్పకపోతే సీ89 (1989 నాటి ప్రమాణం) ధోరణిలో నడిచేది, -వాల్ (హెచ్చరికలు చూపించమనే ఆదేశం) పెట్టకపోతే నోరే మెదపదు. 2015లో జీసీసీ 5 వచ్చాక హెచ్చరించడం మొదలుపెట్టింది. 2023లో క్లాంగ్ 16 అనే ఇంకో కంపైలర్ దాన్ని తప్పుగా మార్చింది. 2024 మే నెలలో జీసీసీ 14 కూడా అదే బాట పట్టింది, పొసగని పాయింటర్లను కూడా అదే జాబితాలో చేర్చింది. మీ ఉబుంటులో ఉన్నది జీసీసీ 13, డెబియన్‌లో ఉన్నది 14. అందుకే ఒకటి గొణిగి ఊరుకుంది, రెండోది తలుపు మూసింది.

రెండోది హెడర్ (లైబ్రరీలో ఏమేం ఉన్నాయో ప్రకటించే ఫైలు) గొడవ. ప్యాకేజీ పేరు ఒకటే అయినా లోపలి సరుకు ఒకటి కాదు. ఆ పేరుతో ఉబుంటు ఇచ్చేది అసలు మైఎస్‌క్యూఎల్ లైబ్రరీ. డెబియన్ 2017లో వచ్చిన 9వ విడుదల నుంచీ దాని కింద ఇస్తున్నది మరియాడీబీ (మైఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయిన శాఖ) వాళ్ళ లైబ్రరీ. మైఎస్‌క్యూఎల్ 8.0లో మై_బూల్‌ను తీసేసి మామూలు బూల్ పెట్టారు. మరియాడీబీలో మై_బూల్ ఇప్పటికీ ఉంది, అది 'చార్' (ఒక్క బైట్ రకం). మీరు ఒక చోట బూల్ అడిగే హెడర్‌కూ ఇంకొక చోట చార్ అడిగే హెడర్‌కూ రెండు చోట్లా ఇంట్ అందిస్తున్నారు. నోరు మూయించే ముందు ఆ ఇంట్ సంగతి చూడండి.

సెమికోలన్ · సోమవారం, రాత్రి 10:41

ప్రకటించని ఫంక్షన్ల సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. మేకుఫైలులో (కంపైల్ ఎలా చేయాలో రాసే ఫైలు) -ఎస్‌టీడీ=సీ99 అని ఉందేమో చూడండి. ఉంటే స్ట్రింగ్ హెడర్‌ను చేర్చినా 'స్ట్ర్‌డప్' (అక్షరాల వరుసకు నకలు తీసి దాని చిరునామా ఇచ్చే ఫంక్షన్) ప్రకటన కనబడదు, ఎందుకంటే అది సీ99 ప్రమాణంలో లేదు. అప్పుడు కంపైలర్ దాన్ని ఇంట్ ఇచ్చే ఫంక్షన్‌గా ఊహిస్తుంది. 64 బిట్ల చిరునామాలో పై సగం తెగిపోతుంది. సీ99 బదులు గ్నూ99 (అదే ప్రమాణానికి జీసీసీ అదనాలు కలిపినది) అంటే చాలు.

కాటాబాబు · సోమవారం, రాత్రి 11:05

ఉంది! సీ99 అనే ఉంది. మార్చగానే ఆ రకం తప్పులు దాదాపు అన్నీ పోయాయి. మరి పన్నెండేళ్ళు ఎలా నడిచింది ఇది?

సెమికోలన్ · సోమవారం, రాత్రి 11:20

అదృష్టం కొద్దీ. సెంటాస్ 7 రోజుల్లో మామూలుగా కంపైల్ చేసిన ప్రోగ్రాము జ్ఞాపకంలో కింది చిరునామాల్లో కూర్చునేది, స్ట్ర్‌డప్ తెచ్చే చోటు కూడా దాని పక్కనే. చిరునామా 32 బిట్లలో ఇమిడిపోయేది కాబట్టి పై సగం తెగినా పోయేది సున్నాలే. డెబియన్ 9 నుంచి ప్రోగ్రాములు ఎక్కడైనా కూర్చోగలిగేలా తయారవుతున్నాయి. ఆ చిరునామాలు చాలా పైన ఉంటాయి. తెగితే పోయేది అసలు సొమ్మే.

కాటాబాబు · బుధవారం, రాత్రి 8:15

మీ సలహా సగమే విన్నాను, ఫలితం అనుభవించాను. సీజన్ కదా, తొందరలో పాయింటర్ల తప్పులన్నిటికీ ముందు (వాయిడ్ *), అంటే 'ఏ రకమైనా సరే' అనే ముక్క, తగిలించాను. ఒక్క హెచ్చరిక కూడా లేకుండా కంపైల్ అయింది. సంబరపడి మంగళవారం ఉదయం యంత్రాన్ని కాటా గదిలో పెట్టాను.

మా దగ్గర లారీని మొదట సరుకుతో తూస్తాం, బస్తాలు దించాక ఖాళీగా తూస్తాం. రెండో తూకం అయ్యేదాకా పట్టికలో 'ఖాళీ బరువు' గడి నల్‌గా (విలువే లేకుండా) ఉంటుంది. నిన్న పదకొండు గంటల నుంచి కొన్ని లారీలకు రెండో తూకం అయినా 'ఖాళీ తూకం కాలేదు' అంటోంది ప్రోగ్రాము, చీటీ ఇవ్వదు. పట్టికలో చూస్తే బరువు నిక్షేపంగా ఉంది. మళ్ళీ నొక్కితే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. లారీలు గేటు దాటి రోడ్డు మీదికి బారు తీరాయి. గుమాస్తా చేతితో చీటీలు రాశాడు. డ్రైవర్లు నన్ను ఏమన్నారో ఇక్కడ రాస్తే నిర్వాహకులు ఈ చర్చను మూసేస్తారు.

ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక్కసారి కూడా ఇలా జరగలేదు.

వేణి_వరంగల్ · బుధవారం, రాత్రి 8:33

ఆ గడిని చదివే మూడు నాలుగు వరుసలు పెట్టండి చాలు.

కాటాబాబు · బుధవారం, రాత్రి 8:50

ఇవిగోండి, ఫోనులో రాస్తున్నాను కాబట్టి పేర్లన్నీ తెలుగులోనే:

ఇంట్ ఖాళీ_లేదు;
బైండ్[3].ఈజ్_నల్ = (వాయిడ్ *)&ఖాళీ_లేదు;
(ఇక్కడ వరుసను తెచ్చుకుంటుంది)
ఇఫ్ (ఖాళీ_లేదు) చీటీ_ఆపు();

వేణి_వరంగల్ · బుధవారం, రాత్రి 9:25

దొరికింది. ఇది డేటాబేస్ తప్పు కాదు, కాటా తప్పు కాదు, ఆ రెండో వరుస.

క్లయింట్ లైబ్రరీ దృష్టిలో ఈజ్_నల్ అనేది ఒక్క బైట్ ఉన్న చోటుకు చిరునామా. గడిలో విలువ ఉంటే ఆ ఒక్క బైట్‌లో 0 రాస్తుంది, నల్ అయితే 1 రాస్తుంది. అంతకు మించి ముట్టుకోదు. మీరు ఇచ్చినది నాలుగు బైట్ల ఇంట్. పైగా దానికి మొదట ఏ విలువా పెట్టలేదు. అంటే ఆ నాలుగు బైట్లలో అంతకు ముందు స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే జ్ఞాపకం) మీద నడిచిన ఏదో ఫంక్షన్ వదిలిన చెత్త ఉంటుంది.

ఉదాహరణకు ఆ చెత్త 38 12 40 00 అనుకోండి. లైబ్రరీ వచ్చి మొదటి బైట్‌ను సున్నా చేసి వెళ్ళింది. ఇప్పుడు అక్కడ 00 12 40 00 ఉంది. 'విలువ ఉంది' అని లైబ్రరీ సరిగ్గానే చెప్పింది. కానీ మీ ఇఫ్ నాలుగు బైట్లూ కలిపి చదువుతుంది. కలిపితే సున్నా కాదు. కాబట్టి 'ఖాళీ తూకం కాలేదు'. అంతకు ముందు ఏ ఫంక్షన్ నడిచింది, ఏ చెత్త వదిలింది అన్నదాన్ని బట్టి ఒకసారి చీటీ వస్తుంది, ఒకసారి రాదు. మీ ల్యాప్‌టాప్‌లో అక్కడ సున్నాలు పడుతూ వచ్చి ఉంటాయి.

వాల్‌గ్రైండ్ (జ్ఞాపకం వాడకంలో తప్పులు పట్టే పనిముట్టు) కింద నడిపి చూడండి. 'విలువ పెట్టని చోటు మీద ఆధారపడి దారి మళ్ళింది' అనే అర్థం వచ్చే ఫిర్యాదు సరిగ్గా ఆ ఇఫ్ దగ్గరే చూపిస్తుంది.

జీసీసీ 14 సోమవారం రాత్రి మీకు చెప్పబోయింది ఇదే. వాయిడ్ అనే గుడ్డ కుక్కి దాని నోరు మూశారు.

కాటాబాబు · బుధవారం, రాత్రి 10:10

వాల్‌గ్రైండ్ సరిగ్గా ఆ వరుసే చూపించింది. చెంపలు వేసుకున్నాను. ఇలాంటివి లైబ్రరీలో ఇంకా పదిహేడు ఉన్నాయి, అన్నీ నేను మార్చినవే. ఇప్పుడు అసలు పద్ధతి చెప్పండి, బాగు చేసి లైబ్రరీ రాసినాయనకు పంపుతాను.

త్వరగా_తేల్చు · బుధవారం, రాత్రి 10:18

ఇంట్‌లు అన్నీ తీసి మై_బూల్ తిరిగి పెట్టండి. హెడర్ మొదట్లో 'మైఎస్‌క్యూఎల్_వెర్షన్_ఐడీ 80001 లేదా అంతకన్నా ఎక్కువ అయితే మై_బూల్ అంటే బూల్' అని ఒక షరతు రాయండి. ఈసారి నిజంగానే అయిదు నిమిషాలు.

కాటాబాబు · బుధవారం, రాత్రి 10:45

ఉబుంటులో చక్కగా అయింది. డెబియన్‌లో 'మై_బూల్‌కు పరస్పర విరుద్ధమైన రకాలు' అంటోంది!

పాతకాపు · బుధవారం, రాత్రి 11:02

అంటుంది మరి. ఈ గోతిలో చాలామంది పడ్డారు, నేనూ పడ్డాను. మరియాడీబీ కూడా ఆ వెర్షన్ సంఖ్యను అదే పేరుతో ఇస్తుంది, కానీ తన సొంత లెక్కలో. డెబియన్ 13లో ఉన్నది మరియాడీబీ 11.8. అది సంఖ్యగా మారితే లక్షా పదివేలు దాటుతుంది. మీ షరతు ఏమడిగింది? 80,001 కన్నా ఎక్కువా అని. ఎక్కువే. అందుకని చార్‌గా అప్పటికే ఉన్న మై_బూల్‌ను మీరు మళ్ళీ బూల్ అన్నారు.

షరతులో 'మరియాడీబీ_బేస్_వెర్షన్ నిర్వచించి ఉండకపోతేనే' అన్న ముక్క చేర్చండి, సర్దుకుంటుంది.

వేణి_వరంగల్ · బుధవారం, రాత్రి 11:15

నన్నడిగితే సంఖ్యలను అడగడమే వద్దు. కాన్ఫిగర్ స్క్రిప్టులో (కంపైల్‌కు ముందు యంత్రంలో ఏమేం ఉన్నాయో చూసేది) 'ఈ హెడర్‌ను చేర్చితే మై_బూల్ అనే రకం ఉందా' అని కంపైలర్‌నే అడిగే చిన్న పరీక్ష రాయండి. ఉంటే వాడుకోండి, లేకపోతే బూల్ పెట్టుకోండి. రేపు మూడో శాఖ పుట్టుకొచ్చి సంఖ్యలు ఇంకెక్కడి నుంచో మొదలుపెట్టినా మీకు బాధ లేదు.

అటుకులు · గురువారం, ఉదయం 7:05

కొంచెం దారి తప్పుతున్నాను, క్షమించండి. మై_బూల్‌లో 'మై' అంటే ఇంగ్లీషు 'నా' కాదా?

పాతకాపు · గురువారం, ఉదయం 7:30

మైఎస్‌క్యూఎల్ మొదలుపెట్టిన వాళ్ళలో ఒకరైన మైకేల్ విడేనియస్ పెద్ద కూతురి పేరు మై. చిన్న కూతురి పేరు మరియా. అప్పటికి మైఎస్‌క్యూఎల్ యజమాని అయిన సన్ సంస్థను ఒరాకిల్ కొనబోతున్న రోజుల్లో, 2009లో, ఆయన శాఖ విడదీసి దానికి మరియా పేరు పెట్టుకున్నారు. అయితే ఆ మొదటి 'మై' కూతురి పేరు నుంచి వచ్చిందా, అంతకు ముందే వాళ్ళ ఫైళ్ళకు తగిలిస్తూ వచ్చిన ముక్క నుంచి వచ్చిందా అన్నది తమకే అంతుపట్టలేదని మైఎస్‌క్యూఎల్ పత్రాల్లోనే రాసుకున్నారు. మనం కాటాబాబు గారి లారీల దగ్గరికి వెళ్దాం.

డాలస్_రాత్రిపాళీ · గురువారం, ఉదయం 8:50

కాన్ఫిగర్ స్క్రిప్టు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. కంపైలర్ తప్పు చూపిస్తే కనీసం తెలుస్తుంది. చూపించకుండా ఊరుకున్న చోట మేం మునిగాం.

మేం వాడే ఒక క్లయింట్ లైబ్రరీని జీసీసీ 14తో కంపైల్ చేశాం. ఒక్క తప్పు లేదు. పరీక్షా సర్వర్‌కు కలిపితే 3159 నంబరు తప్పు, అంటే భద్రత లేని మార్గంలో వచ్చే కనెక్షన్లను రానివ్వను అని. నిన్నటిదాకా వచ్చిన కనెక్షన్ ఇవాళ భద్రత లేనిది ఎలా అయింది? రెండు రోజులు సర్టిఫికెట్ల చుట్టూ తిరిగాం. సర్వర్ చూసే వాళ్ళతో గొడవ కూడా పెట్టుకున్నాం. తప్పు వాళ్ళది కాదు.

కాన్ఫిగర్ స్క్రిప్టు లోపల చిన్న చిన్న పరీక్షా ప్రోగ్రాములు రాసి కంపైల్ చేసి చూస్తుంది. అయితే 'ఈ సౌకర్యం ఉంది', కాకపోతే 'లేదు'. ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ చేసే లైబ్రరీ) కోసం ఎప్పుడో ఎవరో రాసిన పరీక్షలో మెయిన్ ముందు ఇంట్ లేదు, ఎగ్జిట్‌ను పిలిచారు గానీ దాని హెడర్ చేర్చలేదు. పాత కంపైలర్ క్షమించేది. 14 క్షమించలేదు. స్క్రిప్టు దాన్ని 'ఈ యంత్రంలో ఓపెన్ఎస్ఎస్ఎల్ లేదు' అని అర్థం చేసుకుని, ఎన్‌క్రిప్షన్ లేని లైబ్రరీని నింపాదిగా తయారుచేసి చేతిలో పెట్టింది. తెర మీద వందల వరుసల మధ్య ఒక్క 'నో'. ఎవరు చూస్తారు?

అందుకే పాత కంపైలర్‌తో వచ్చిన కాన్ఫిగ్.లాగ్ ఒకటి, కొత్తదానితో వచ్చినది ఒకటి పక్కపక్కన పెట్టి తేడాలు చూడండి. 'ఎస్' కాస్తా 'నో' అయిన ప్రతి వరుసకూ కారణం వెతకండి. మేకుఫైలులో -ఎఫ్‌పర్మిసివ్ పెట్టినా మా కళ్ళు తెరుచుకునేవి కావు.

కాటాబాబు · గురువారం, మధ్యాహ్నం 1:20

చూశాను. మా లైబ్రరీలో కూడా రెండు 'నో'లు కొత్తగా వచ్చాయి. ఒకటి కనెక్షన్‌కు కాలపరిమితి పెట్టే సౌకర్యం. అది పోయిందని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు, ఏదో ఒక రోజు నెట్‌వర్క్ పోయి కాటా బిగుసుకుపోయేదాకా.

సెమికోలన్ · గురువారం, రాత్రి 9:00

ఎలాగూ విప్పారు కాబట్టి జీసీసీ 15 కూడా దృష్టిలో పెట్టుకోండి. 2025 ఏప్రిల్ నుంచి ఫెడోరా 42 అనే లినక్స్‌లో అదే ఉంది. మీరు చెప్పని ఆ లైబ్రరీ ఏదో ఊహించి మేకుఫైలులోని -ఎస్‌టీడీ మాట తీసేసి నా యంత్రంలో కంపైల్ చేశాను, రెండు చోట్ల ఆగింది.

జీసీసీ 15లో మనం ఏమీ చెప్పకపోతే వర్తించేది సీ23. అందులో బూల్ అనేది కీలకపదం. ఈ లైబ్రరీ హెడర్లో 'బూల్ అనే మాక్రో లేకపోతే బూల్ అంటే చార్' అని రాసి ఉంది (మాక్రో అంటే కంపైల్‌కు ముందే వేరే మాటగా మారిపోయే మారుపేరు). ఆ రోజుల్లో అది జాగ్రత్తపరుడు రాసే రాతే, ఎందుకంటే అప్పుడు ఎస్‌టీడీబూల్ హెడర్ బూల్‌ను మాక్రోగానే ఇచ్చేది. ఇప్పుడు మాక్రో ఉండదు, పదం ఉంటుంది. మాక్రో లేదు కదా అని ఆయన షరతు లోపలికి వెళ్ళి, భాష సొంత పదానికి కొత్త అర్థం చెప్పబోయి తన్నులు తింటోంది.

రెండోది, వరుస రాగానే పిలిచే ఫంక్షన్ పాయింటర్‌ను ఖాళీ కుండలీకరణాలతో ప్రకటించారు. ఇన్నాళ్ళూ దాని అర్థం 'ఎన్ని ఇచ్చినా సరే'. సీ23లో 'ఏమీ ఇవ్వకూడదు'. రెండు విలువలు ఇస్తే 'మరీ ఎక్కువ' అంటోంది.

త్వరగా_తేల్చు · గురువారం, రాత్రి 9:08

-ఎస్‌టీడీ=గ్నూ17 అని మేకుఫైలులో పెట్టేస్తే రెండూ పోతాయి. ఇది నోరు నొక్కడం కాదు, ఈ కోడ్ ఏ ప్రమాణానికి రాసినదో నిజాయితీగా చెప్పడం. ఈసారి నన్ను తిట్టలేరు.

పాతకాపు · గురువారం, రాత్రి 9:40

తిట్టను, ప్రోగ్రాముకైతే మీ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. ఇది లైబ్రరీ. మీ మేకుఫైలు లైబ్రరీ తయారయ్యేటప్పుడే పని చేస్తుంది. దాని హెడర్ మాత్రం ఊళ్ళో అందరి ప్రోగ్రాముల్లోకీ పోతుంది, వాళ్ళ కంపైలర్, వాళ్ళ ప్రమాణం కింద నలుగుతుంది. కొందరు సీ ప్లస్ ప్లస్ నుంచి పిలుస్తారు. కాబట్టి లోపలి ఫైళ్ళకు గ్నూ17 పెట్టుకోండి, అభ్యంతరం లేదు. హెడర్‌ను మాత్రం చేత్తో బాగు చేయక తప్పదు. బూల్ నిర్వచనం తీసేసి ఎస్‌టీడీబూల్ చేర్చండి. ఆ పాయింటర్‌కు తీసుకునే విలువల రకాలు రాయండి.

ఇంకొక మాట. బయటికి కనిపించే స్ట్రక్చర్లలో మై_బూల్‌ను ఇంట్‌గా మార్చి ఉంటే వాటి పరిమాణం మారి ఉంటుంది. లైబ్రరీని మాత్రమే మార్చి ప్రోగ్రామును మళ్ళీ కంపైల్ చేయని వాళ్ళకు గడులన్నీ పక్కకు జరుగుతాయి. ఒక్క బైట్‌గానే ఉంచండి.

కాటాబాబు · ఆదివారం, సాయంత్రం 6:30

అయింది. ఇంట్‌లు, వాయిడ్‌లు అన్నీ పీకేశాను. వేణి గారు చెప్పినట్టు కాన్ఫిగర్‌లో రకం పరీక్ష పెట్టాను. డాలస్ నుంచి రాసిన మిత్రుడి పుణ్యమా అని పాత పరీక్షలు రెండూ సరిచేశాను. ఉబుంటులో జీసీసీ 13, డెబియన్‌లో 14, సెమికోలన్ గారి ఫెడోరాలో 15, మూడింటిలోనూ హెచ్చరికలు లేకుండా వస్తోంది, ఈసారి గుడ్డలు కుక్కకుండా. లైబ్రరీ రాసినాయనకు పంపితే గంటలో జవాబు వచ్చింది: "బాగుంది, కానీ ఒకే ముద్దగా వద్దు, నాలుగు కమిట్లుగా విడగొట్టి పంపండి." విడగొడుతున్నాను.

శుక్రవారం నుంచి చీటీలు వరుసగా వస్తున్నాయి. ఒక్కటే తేడా ఉంది. ఒక లారీ తూకం రద్దు చేస్తే కాటా యంత్రంలో 'రద్దు' అని సరిగ్గా వస్తోంది, నా ల్యాప్‌టాప్‌లో మాత్రం 'ఖాళీ తూకం కాలేదు' అంటోంది. మా పాత ప్రోగ్రాములో వెతికితే, రద్దయిన లారీకి గుర్తుగా ఆ మై_బూల్‌లోనే ఎవరో 2 అని పెట్టారు.

వేణి_వరంగల్ · ఆదివారం, సాయంత్రం 6:48

మరియాడీబీలో అది చార్ కాబట్టి 2 పెడితే 2గానే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో బూల్, అందులో 2 పెట్టినా 1 అయిపోతుంది. 1 అంటే మీ దగ్గర 'కాలేదు' కదా. రద్దుకు వేరే గడి పెట్టండి. ఆ 2 ఎవరు పెట్టారో కమిట్ చరిత్రలో చూశారా?

కాటాబాబు · ఆదివారం, సాయంత్రం 7:02

చూశాను. నేనే.